తగ్గింపు ఎవరి ఖాతాలో? – రిబేటు నుంచి ఆషాఢం సేలు దాకా

ఆషాఢ మాసం వచ్చిందంటే దినపత్రిక బరువెక్కుతుంది. వార్తలు పెరిగి కాదు, తగ్గింపు ప్రకటనలు పెరిగి. యాభై శాతం, అరవై శాతం, ఒకటి కొంటే రెండు ఉచితం. ఆషాఢం పోతే శ్రావణం, ఆ తరువాత దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, ఉగాది, అక్షయ తృతీయ. తగ్గింపు లేని నెలను పంచాంగం పట్టుకుని వెతకవలసి వస్తోంది. ఏడాది పొడవునా ధర తగ్గి ఉంటే అసలు ధర అనేది ఎప్పుడు ఉన్నట్టు? ఈ సందేహం విజ్ఞులైన పెన్షనరు సోదర సోదరీమణులలో చాలామందికి వచ్చే ఉంటుంది.

36 సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జమాఖర్చులు చూసిన అలవాటు నాది. ఏ కాగితం వచ్చినా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పద్దు ఎవరి ఖాతాలో వ్రాయాలి? తగ్గింపు ధరలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. వంద రూపాయల వస్తువును డెబ్బైకి ఇస్తున్నారంటే ఆ ముప్పై రూపాయలను ఎవరో ఒకరు భరించి తీరాలి. భరించేవాడు కనిపిస్తే అది నిజమైన తగ్గింపు. కనిపించకపోతే భరిస్తున్నది మనమేనని అనుకోవాలి. మన ప్రాంతంలో తగ్గింపు అమ్మకాల చరిత్రను ఈ దృష్టితో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి.

సంతలు, ఏడాది బత్తెం

తగ్గింపు బోర్డులు రాక ముందు మనకు ఉన్నది బేరం. వారపు సంతలోనూ జాతరలోనూ ధర ముందుగా వ్రాసి ఉండదు. అమ్మేవాడు చెప్పేది ఒకటి, కొనేవాడు అడిగేది ఒకటి, చివరకు తెగేది మరొకటి. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అనే సామెత ఆ సంతలను చూసి పుట్టినదే. అయినా ఆనాటి గృహిణులకు చవక ఎక్కడ దొరుకుతుందో కచ్చితంగా తెలుసు. కోతల మీద కొనడమే వారి సూత్రం. కొత్త ధాన్యం ఇంటికి వచ్చే పుష్యంలో బియ్యం, మాఘ ఫాల్గుణాలలో కందులు, ఎండలు ముదిరే వేళకు చింతపండు, మిరపకాయలు కొని ఎండబెట్టి, గింజ తీసి, జాడీలకూ గుమ్ములకూ ఎక్కించేవారు. దీనినే ఏడాది బత్తెం అనేవారు.

ఇక్కడ తగ్గింపును భరించినది రైతు. పంట ఒక్కసారిగా సంతకు వచ్చి పడుతుంది, అప్పు తీర్చాలి, నిల్వకు చోటు లేదు. అందువల్ల ధర పడిపోతుంది. కొనేవారికి అది నిజమైన చవకే కాని, దాని వెనుక ఒకరి ఇబ్బంది ఉందని మరువరాదు. ఆ ధర మనకు అక్కరకు రావాలంటే రొక్కమూ నిల్వ పెట్టే ఓపికా రెండూ ఉండాలి. పురుగు పట్టిన కందిపప్పు ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

కంట్రోలు రోజులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బట్టకు కటకట ఏర్పడింది. 1943లో అప్పటి ప్రభుత్వం నూలు బట్టల కంట్రోలు ఉత్తర్వు తెచ్చి, మిల్లు బట్టపై ధర ముద్ర వేయించింది. వస్తువు మీదనే ధర అచ్చయి ఉండడం మన పెద్దలకు అప్పుడే పరిచయమైంది. మా నాన్నగారి తరం వారికి "కంట్రోలు బట్ట" అనే మాట జీవితాంతం నాలుక మీద ఉండిపోయింది. ఆ రోజుల్లో తగ్గింపు మాట ఎత్తినవారు లేరు. ముద్ర వేసిన ధరకు సరుకు దొరకడమే అదృష్టం. కొరత ఉన్నచోట తగ్గింపు ఉండదన్నది ఆ కాలం నేర్పిన పాఠం. నిజంగా గిరాకీ ఉన్న సరుకును సగం ధరకు ఇస్తామని ఎవరైనా అంటే, ఈనాటికైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించడం మంచిది.

రిబేటు యుగం

స్వాతంత్ర్యం వచ్చాక మిల్లుల పోటీకి తట్టుకోలేక చేనేత, ఖాదీ రంగాలు చితికిపోతుంటే కేంద్ర ప్రభుత్వం 1953లో ఒక చట్టం చేసింది. మిల్లు బట్టపై గజానికి మూడు పైలు, అంటే పావు అణా, అదనపు సుంకం విధించి ఆ సొమ్మును ఖాదీ, చేనేతల అభివృద్ధికి వాడాలని నిర్ణయించింది. ప్రజలకు ఇచ్చే రిబేటుకు ప్రభుత్వపు నిధులే ఆధారం. గాంధీ జయంతినాడు మొదలయ్యే ఖాదీ రిబేటు కోసం చాలా కుటుంబాలు అక్టోబరు దాకా తువ్వాళ్లు, దుప్పట్లు కొనకుండా ఆగేవి.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా తగ్గింపును రూపాయికి ఇన్ని అణాలని చెప్పుకునేవారు. రూపాయికి రెండణాలంటే నేటి పన్నెండున్నర శాతం, నాలుగణాలంటే పాతిక శాతం. శాతాల కన్నా ఆ లెక్క సామాన్యునికి సులభం. ఎందుకంటే చేతిలో మిగిలేది ఎంతో వెంటనే తెలిసిపోయేది.

మన రాష్ట్రంలో 1976లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల చేనేత సహకార సంఘాలు రెండూ కలిసి ఆప్కో అయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దసరాకు ముందు పండుగ అడ్వాన్సు బిల్లులు తయారు చేయడం నా సీటు పని. వడ్డీ లేని అడ్వాన్సు, జీతంలో పది వాయిదాలుగా కోత. ఆ సొమ్ములో సగం రిబేటు ఇచ్చే చేనేత దుకాణానికే చేరేది. నల్లగొండ జిల్లాలో పనిచేసినవాణ్ణి కనుక పోచంపల్లి నేతను దగ్గరగా చూసే భాగ్యం కలిగింది. ఆనాటి రిబేటులో మోసానికి చోటు తక్కువ. ధర సంఘం నిర్ణయించినది, తగ్గింపు శాతం ప్రభుత్వం ప్రకటించినది, గడువు జి.ఓ.లో వ్రాసినది. తగ్గించిన మొత్తాన్ని ప్రభుత్వం సంఘానికి చెల్లించాలి. ఎవరి ఖాతాలో పడిందో కాగితం మీద స్పష్టంగా ఉండేది.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉంది. రిబేటు బకాయిలు ఆలస్యమైనప్పుడల్లా సంఘాల చేతిలో నూలు కొనడానికి డబ్బు ఉండేది కాదు. సంఘం నూలు ఇవ్వకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే నేతగాని ఇంట్లో పొయ్యి ఆగుతుంది. మనం సంతోషంగా జేబులో వేసుకున్న నాలుగణాలను కొన్నాళ్లపాటు ఆ ఇల్లే మోసిందన్నమాట. తరువాతి కాలంలో, 2010 నుంచి, ఖాదీకి అమ్మకాల రిబేటు స్థానంలో ఉత్పత్తిపై ఇచ్చే మార్కెట్ అభివృద్ధి సహాయం అనే పద్ధతి తెచ్చి, అందులో వడికేవారికీ నేసేవారికీ వాటా ఉండేలా చేశారు.

నుమాయిష్ చివరి వారం

హైదరాబాదు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో సుమారు 50 దుకాణాలతో మొదలైంది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారిగారి చేతుల మీదుగా అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా ఆరంభమైంది. జనవరి 1న మొదలై 45 రోజులు సాగే ఈ ప్రదర్శనకు కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ బట్టలు తెచ్చేవారు వందల మైళ్ల నుంచి వస్తారు. మొదటి రోజుల్లో సరుకు బాగుంటుంది, ధర గట్టిగా ఉంటుంది. చివరి వారంలో సరుకు తగ్గుతుంది, ధర మెత్తబడుతుంది. మిగిలిన మూటలు తిరిగి కట్టి రైలెక్కించే ఖర్చు కన్నా కొంత తగ్గించి అమ్మడమే వ్యాపారికి లాభం. కనుక ఇక్కడ తగ్గింపు అతని రవాణా ఖర్చులో నుంచి వస్తుంది. ఇది నిజమైన చవక. అనుభవజ్ఞులు మొదటి వారం వెళ్లి ధరలు చూసుకుని, చివరి వారం వెళ్లి కొనేవారు.

ఆషాఢం సేలు

ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. కొత్త కోడళ్లు పుట్టింటికి వెళతారు. రైతు చేతిలోని డబ్బు విత్తనాలకూ ఎరువులకూ పోతుంది. తెలంగాణలో బోనాల కొనుగోళ్లు ఉన్నా పెళ్లి బట్టల వ్యాపారం మాత్రం మూతపడినట్టే. అటువైపు శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, వెంటనే ముహూర్తాలు. వాటికి కొత్త సరుకు తేవాలంటే అరల్లో ఉన్న పాత సరుకు కదలాలి, దాని మీద చిక్కుకున్న పెట్టుబడి చేతికి రావాలి. కూర్చుని ఉన్న సరుకుకు వడ్డీ పెరుగుతుంది, మడతల దగ్గర పట్టు చిట్లుతుంది, జరీ నల్లబడుతుంది. ఇన్ని నష్టాల కన్నా పదో ఇరవయ్యో శాతం తగ్గించడమే మేలని వ్యాపారి లెక్క. తమిళులు ఆడి నెలలో ఇచ్చే తగ్గింపుకూ కారణం ఇదే. ఇది న్యాయమైన లెక్క. మా పెద్దమ్మాయి పెళ్లి శ్రావణంలో జరిగినప్పుడు పెట్టుబడి చీరలన్నీ మా ఇంటావిడ ఆషాఢం రెండవ పక్షంలోనే ఎంచి తెచ్చింది.

కాలక్రమేణా ఈ సేలు పాత సరుకు వదిలించుకునే పద్ధతిగానే ఉండకుండా ఒక పెద్ద వ్యాపారమైంది. కొన్ని దుకాణాలు సేలు కోసమే తక్కువ రకం సరుకు ప్రత్యేకంగా తెప్పించడం మొదలుపెట్టాయి. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. నిజమైన పాత నిల్వ ఒంటరిగా ఉంటుంది. ఒక డిజైనుకు ఒకటో రెండో చీరలు, ఒక చొక్కాకు ఒకటో రెండో సైజులు మిగిలి ఉంటాయి. అలాకాక ఒకే డిజైను పది రంగుల్లో, అన్ని సైజుల్లో, కొత్త కవర్లలో గుట్టలు పోసి ఉంటే అది మిగిలిన సరుకు కాదు, సేలుకై వచ్చిన సరుకు. దాని మీద కొట్టివేసిన పెద్ద ధరకు ఆ చీర ఒక్కరోజు కూడా అమ్ముడై ఉండదు.

అచ్చు ధర, కొట్టివేసిన ధర

1976 తూనికలు కొలతల చట్టం కింద 1977లో ప్యాకెట్ సరుకుల నియమాలు వచ్చాయి. మొదట్లో "స్థానిక పన్నులు అదనం" అనే మాట చాటున దుకాణదారు తోచినంత కలుపుకునేవాడు. 1990 దశకం మొదటి నుంచి అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయడం అమలైంది. ఇది వినియోగదారులకు గొప్ప రక్షణ. కాని గరిష్ఠ ధర ఎంత ఉండాలో మందుల వంటి కొన్నిటికి తప్ప ప్రభుత్వం నిర్ణయించదు, తయారుచేసేవాడే వేసుకుంటాడు. 1,200 రూపాయల వస్తువుపై 2,000 అని అచ్చువేసి 40 శాతం తగ్గిస్తే మళ్లీ 1,200కే వస్తుంది. మన చేతికి వచ్చింది ఏమీ లేదు, సంతోషం తప్ప.

చట్టం దీన్ని ఊరికే వదలలేదు. 1984లో గుత్తాధిపత్య నిరోధక చట్టానికి చేసిన సవరణలోనూ, 1986 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ, దాని స్థానంలో 2020 జూలై నుంచి అమలైన 2019 చట్టంలోనూ, ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా తగ్గింపు ధర ప్రకటించడం అన్యాయ వ్యాపార పద్ధతే. తగ్గింపు ధరపై మళ్లీ వ్యాట్ కలపడం తప్పని 2017లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. గరిష్ఠ ధరలోనే పన్ను ఇమిడి ఉన్నప్పుడు తగ్గించిన తరువాత పన్ను వేయడమంటే కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కోవడమే కదా. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 చట్టం ప్రకారం నేరంలాంటిదే, అన్యాయ పద్ధతుల జాబితాలో అదీ ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోగా, గడువు వ్రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోవాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే అట్ట ముక్క లోపమున్న సరుకు విషయంలో చెల్లదు.

వాయిదాల సంగతీ చూడాలి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అనేది నిజానికి లేదని, ఆ ఖర్చు మరో పేరుతో కొనేవారి మీదనే పడుతుందని చెప్పి బ్యాంకులను ఆ పథకాల నుంచి వారించింది. ఎవరి ఖాతాలో పడిందన్న మన ప్రశ్ననే రిజర్వు బ్యాంకు కూడా అడిగిందన్నమాట.

చేతి ఫోనులో సేలు

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఒక్కరోజు భారీ అమ్మకం జరిపింది. సరుకు నిమిషాల్లో అయిపోయింది, ధరలు మారిపోయాయి, ఆర్డర్లు రద్దయ్యాయి. మరునాడు వ్యవస్థాపకులే కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ వ్రాశారు. ఆ తరువాత ఏటా దసరాకు ముందు ఈ అమ్మకాలు మామూలయ్యాయి. వీటిలో నిజమైన తగ్గింపులు ఉన్నాయి. పాత మోడలు ఫోన్లు, ఫ్రిజ్‌లు కొత్తవి రాకముందు వదిలించుకోవడం ఆషాఢం లెక్కే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎయిర్ కండిషనర్లు, పెద్ద టీవీలపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు ఆ మేరకు భారం ప్రభుత్వానిది. కాని పన్ను తగ్గింపును కూడా తమ పండుగ ఆఫరుగా చూపే ప్రకటనలు ఉంటాయి, రెండింటినీ విడదీసి చూడాలి.

వీటి చాటున దొంగలూ తయారయ్యారు. మా కాలనీలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి పండుగ ఆఫరు అంటూ ఫోనులో ఒక లింకు వచ్చింది. మనవరాలి కోసం పట్టు పరికిణీ కొందామని నొక్కి, అడిగిన అంకెలు చెప్పారు. ఆ నెల పెన్షన్ మొత్తం పోయింది. డబ్బు పోయిన బాధ కన్నా కొడుకూ కోడలూ ఏమంటారోనన్న భయమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఉంటే డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఉండేది. కుటుంబ సభ్యులు కూడా ఈ సంచిక చదువుతారు కనుక వారికి ఒక మాట: పెద్దవారు మోసపోయారని తెలిస్తే మందలించకండి. మందలింపుకు భయపడి దాచిన ప్రతి గంటా దొంగకు లాభం.

మనం పాటించదగిన కొన్ని పద్ధతులు

1. ఇంట్లో ధరల పుస్తకం పెట్టండి. మా ఇంటావిడ 1975 నుంచి కొన్న ప్రతి ముఖ్య వస్తువు ధర, తేదీ, దుకాణం వ్రాసిపెడుతోంది. కొట్టివేసిన ధర నిజమో కాదో చెప్పేది ఆ పుస్తకమే, బోర్డు కాదు.

2. కావలసిన వాటి జాబితా సేలుకు నెల ముందే వ్రాసుకోండి. అప్పుడే రెండు దుకాణాల్లో ధర అడిగి ఉంచండి. జాబితాలో లేని వస్తువు సగం ధరకు వచ్చినా మనకు మిగిలింది సగం కాదు, పోయింది సగం.

3. శాతాలను రూపాయల్లోకి మార్చండి. 50 శాతంపై మరో 20 శాతం అంటే 70 కాదు, 60 మాత్రమే. రెండు కొంటే ఒకటి ఉచితమంటే మూడో వంతు తగ్గింపు, అదీ మూడూ మనకు అవసరమైతేనే. ప్యాకెట్లకు కిలో లెక్కన, గ్రాము లెక్కన ధర చూడండి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక కాదు.

4. చేనేత కొనేటప్పుడు 2006లో వచ్చిన చేనేత గుర్తు, పట్టుకైతే సిల్క్ మార్కు చూడండి. పోచంపల్లి చీరలో నూలుకు ముందే రంగు వేసి నేస్తారు కనుక రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వెనుక వెలిసినట్టుంటే అది అచ్చు బట్ట. పట్టు పోగును కాల్చితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది. కృత్రిమ పోగు కరిగి పూసలా గడ్డకడుతుంది.

5. బంగారంపై "తరుగు లేదు" అన్నప్పుడు మజూరీ ఎంతో, రాళ్ల బరువు తీసివేశారో లేదో అడగండి. 2021 జూన్ నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేయడం మొదలైంది. నగపై ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి.

6. మందులు మనకు నెలనెలా తప్పని ఖర్చు. వాటికి పండుగ ఆఫర్ల కోసం చూడనక్కరలేదు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో ప్రకటనల ఖర్చు లేనందున అదే మందు తక్కువకు వస్తుంది. డాక్టరును అడిగి మార్చుకోండి.

7. బిల్లు లేనిదే కొనకండి. తగాదా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

పెన్షన్ అనేది ముప్పై, నలభై ఏళ్ల సేవకు ప్రతిఫలంగా వచ్చే సొమ్ము. కరువు భత్యం బకాయిలు ఎప్పుడు వస్తాయో తెలియదు కాని, వచ్చిన వారంలోనే వాటిని లాక్కుపోవడానికి ప్రకటనలు సిద్ధంగా ఉంటాయి. సేలుకు వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. మనవలకు పండుగ బట్టలు కొనే ఆనందం ఈ వయసులో మనకు మిగిలిన ఆనందాలలో ఒకటి. వెళ్లేటప్పుడు ఒక్క ప్రశ్న వెంట తీసుకెళ్లండి. తగ్గింపు ప్రభుత్వం భరిస్తోందా, పాత సరుకు వదిలించుకునే వ్యాపారి భరిస్తున్నాడా, పంట ఒక్కసారిగా దింపిన రైతు భరిస్తున్నాడా, కూలి తెగ్గోసుకున్న నేతగాడు భరిస్తున్నాడా, లేక మనమేనా? జవాబు దొరికితే ధైర్యంగా కొనండి. నేతగాడి కూలిలోంచి కోసినదని తోస్తే నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చి సహకార సంఘం దుకాణంలో కొనండి. జవాబే దొరకకపోతే సంచీ మడిచి పట్టుకుని ఇంటికి రండి. వచ్చే నెలలో మరో సేలు ఎలాగూ ఉంటుంది.